డిష్ బిగింపు: ఎండలో తేలని లెక్క

హైదరాబాద్‌లో ఏ పాత కాలనీలోనైనా డాబా ఎక్కి చుట్టూ చూస్తే, పక్కపక్క ఇళ్ల మీద డిష్‌లు ఒకే వైపు చూస్తూ ఉండవు. ఒకటి ఇంచుమించు దక్షిణానికి తిరిగి మెడ పైకెత్తి ఉంటుంది. దాని పక్కది తూర్పుకి మళ్లి కాస్త కిందికి చూస్తుంటుంది. మూడోది ఈ రెండింటికీ మధ్యన, ఆగ్నేయ మూలకి. బిగించినవాళ్ల ఇష్టాయిష్టాలతో దీనికి పని లేదు. ఒక్కో కంపెనీ ప్రసారాలు ఒక్కో ఉపగ్రహం నుంచి వస్తాయి. అవన్నీ భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకే వలయంలో, వేర్వేరు రేఖాంశాల దగ్గర, మనకు కదలనట్టే కనిపిస్తూ ఉంటాయి. టాటా ప్లే ఉపగ్రహాల స్థానం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం. డీడీ ఫ్రీ డిష్ వాడే జీశాట్-15 స్థానం 93.5. ఎయిర్‌టెల్ డిజిటల్ టీవీది 108.2.

హైదరాబాద్ నుంచి లెక్క వేస్తే మొదటిది దక్షిణం నుంచి 15 డిగ్రీలు తూర్పుకి జరిగి, నేల మట్టం నుంచి 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. రెండోది 42 డిగ్రీలు తూర్పుకి, 63 డిగ్రీల ఎత్తున. మూడోది 62 డిగ్రీలు తూర్పుకి, 50 డిగ్రీల ఎత్తున. విశాఖపట్నం దాదాపు 83 డిగ్రీల రేఖాంశం మీదే ఉంది కాబట్టి అక్కడ టాటా ప్లే డిష్‌కి తిన్నగా దక్షిణం చూపిస్తే సరిపోతుంది. తిరుపతిలో అదే ఉపగ్రహం 73 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది. ఊరు మారితే లెక్క మారుతుంది, కంపెనీ మారితే ఇంకా ఎక్కువ మారుతుంది.

ఇక్కడ కంటికి ఒక మోసం ఉంది. డిష్ మొహం ఎటు చూస్తుందో సిగ్నల్ అటు నుంచి రాదు. ఇళ్ల మీద కనిపించేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. వీటిలో సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపున చేయి మీద ఉంటుంది. అందువల్ల డిష్ మొహం ఉపగ్రహం కంటే సుమారు 25 డిగ్రీలు కిందికి వాలినట్టు కనిపిస్తుంది. 45 డిగ్రీలకు వాలినట్టున్న డిష్ నిజానికి 69 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్నే చూస్తోంది. లండన్‌లో స్కై అనే కంపెనీ డిష్‌లు గోడకు తగిలించిన పళ్లెంలా నిటారుగా ఉండటానికి కారణం కూడా ఇదే. అక్కడ వాళ్ల ఉపగ్రహం ఎత్తు 25 డిగ్రీలే. బ్రిటన్‌లో తీసిన వీడియో చూసి ఇక్కడ సొంతంగా బిగించబోతే మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది.

ఇవన్నీ టెక్నీషియన్‌కి ఫోన్‌లోనో నోటికో ఉండే అంకెలే. డిష్‌ని ఉపగ్రహం వైపు తిప్పడం కష్టమైన విద్య కాదు. కష్టం ఇంకోచోట ఉంది. సరిగ్గా బిగించిన డిష్‌కీ, కొంచెం తప్పుగా బిగించిన డిష్‌కీ బిగించిన రోజున తేడా కనిపించదు. రెండింటిలోనూ బొమ్మ అద్దంలా వస్తుంది. ఇంటివాళ్లు సంతకం పెడతారు, టెక్నీషియన్ బండి ఎక్కుతాడు. తేడా తెలిసేది జూలైలోనో అక్టోబరులోనో, ఆకాశం ముసురు పట్టినప్పుడు.

పాత యాంటెన్నాల రోజుల్లో ఈ సమస్య లేదు. దూరదర్శన్ కోసం డాబా మీద అల్యూమినియం కడ్డీలు తిప్పిన తరానికి గుర్తుండే ఉంటుంది. ఒకరు పైన తిప్పుతుంటే ఒకరు కిటికీ దగ్గర నిలబడి ‘కొంచెం ఇటు, కొంచెం ఇటు’ అని అరిచేవాళ్లు. సిగ్నల్ తగ్గితే చుక్కలు, ఇంకా తగ్గితే నీడబొమ్మ. తప్పు ఎంత ఉందో తెర మీదే కనిపించేది. డిజిటల్ ప్రసారం అలా కాదు. వచ్చిన సంకేతంలో కొన్ని తప్పులున్నా బాక్సే వాటిని సరిదిద్దుకుంటుంది, ఆ దిద్దుబాటు మనకు కనిపించదు. తప్పులు ఒక హద్దు దాటగానే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. ఇవతల పూర్తి స్పష్టత, అవతల నల్లటి తెర, మధ్యలో మెట్లు లేవు. డిష్ ఆ అంచుకు ఎంత దూరంలో ఉందన్నదే బిగింపులో అసలు నాణ్యత. దానికి డబ్బిచ్చేవాళ్లకు మాత్రం అది కంటికి కనిపించదు.

ఎంత తప్పు ఎంత నష్టం చేస్తుందో అంకెల్లో చూడొచ్చు. ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కే ప్రసారం అందించే డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాల పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల డిష్ ఆ తరంగాలను మూడు డిగ్రీల కంటే కాస్త తక్కువ వెడల్పున్న దారిలో పట్టుకుంటుంది. అంటే గురి నుంచి సుమారు ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే చాలు, చేరే శక్తి సగానికి పడిపోతుంది. ఒకటిన్నర డిగ్రీ అంటే 60 సెంటీమీటర్ల డిష్ అంచు దగ్గర సుమారు ముప్పావు సెంటీమీటరు. బోల్టు బిగించేటప్పుడు స్పానర్ ఊపుకే అంత జరగొచ్చు. సగం శక్తితో కూడా ఎండరోజున బొమ్మ నిక్షేపంగా వస్తుంది, వాన కోసం దాచుకోవాల్సిన నిల్వ మాత్రం అప్పుడే ఖర్చయిపోయింది.

సెట్‌టాప్ బాక్సులో సెట్టింగ్స్‌లోకి వెళ్తే రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి సిగ్నల్ స్ట్రెంత్, రెండోది సిగ్నల్ క్వాలిటీ. చాలామంది మొదటిదాన్ని చూసి తృప్తి పడతారు. స్ట్రెంత్ అంటే కేబుల్ గుండా వచ్చే మొత్తం శక్తి. అందులో పనికొచ్చే సంకేతమూ ఉంటుంది, ఎల్ఎన్‌బీ పుట్టించే రొదా ఉంటుంది. ఎల్ఎన్‌బీకి కరెంటు అందుతుంటే చాలు, డిష్ ఎటు చూస్తున్నా స్ట్రెంత్ గీత కాస్త లేస్తుంది. చూడాల్సింది క్వాలిటీ. పనిమంతుడైన టెక్నీషియన్ క్వాలిటీ గీత పెరిగే వైపు డిష్‌ని జరుపుతూ పోయి, తగ్గడం మొదలైన చోటు గుర్తుపెట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చి రెండు అంచులకీ సరిగ్గా మధ్యలో ఆపుతాడు. తర్వాత ఎత్తుకీ అంతే, ఎల్ఎన్‌బీ మెలికకీ అంతే. తొందరలో ఉన్నవాడు బొమ్మ వచ్చిన చోటే ఆపేస్తాడు. ఈ రెండు పనుల మధ్య తేడా పది నిమిషాలు.

ఎల్ఎన్‌బీ మెలిక గురించి ఒక్క మాట. ఉపగ్రహం ఒకే పౌనఃపున్యంలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు రకాల తరంగాలు పంపగలదు. ఉపగ్రహానికి అడ్డం అనిపించేది మన ఊరి నుంచి చూస్తే కొంచెం వంకరగా కనిపిస్తుంది. ఉపగ్రహం మన రేఖాంశానికి ఎంత దూరంగా ఉంటే ఆ వంకర అంత ఎక్కువ. అందుకే 83 డిగ్రీల దానికి ఎల్ఎన్‌బీని కొద్దిగా తిప్పితే చాలు, ఇంకా తూర్పుకి ఉన్నవాటికి బాగా తిప్పాలి. కొన్ని ఛానళ్లు బాగా వచ్చి, కొన్ని మాత్రమే మాటిమాటికీ గళ్లు కడుతుంటే డిష్ కంటే ముందు అనుమానించాల్సింది ఈ మెలికనే.

వాన ఎందుకు ఇంత దెబ్బ తీస్తుందంటే, అది చిన్న డిష్ కోసం మనం ఒప్పుకున్న బేరం. 1990లలో ఈటీవీ, జెమిని లాంటి ఛానళ్లు మొదలైనప్పుడు కేబుల్ ఆపరేటర్ల డాబాల మీద మనిషి కంటే పెద్ద జల్లెడ డిష్‌లు ఉండేవి. అవి సీ బ్యాండ్‌వి. ఆ తరంగాల పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు. వానచుక్కలు వాటిని పెద్దగా పట్టించుకోవు. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై (ఇప్పటి టాటా ప్లే) వచ్చి ఇంటింటికీ 60 సెంటీమీటర్ల డిష్ ఇవ్వగలిగాయంటే, అందులో కేయూ బ్యాండ్ పొట్టి తరంగాలది పెద్ద పాత్ర. తరంగం పొట్టిదయ్యేకొద్దీ వానచుక్క దాన్ని ఎక్కువ మింగుతుంది. గంటకు 100 మిల్లీమీటర్ల వేగంతో కురిసే కుంభవృష్టిలో ఒక్కో కిలోమీటరుకు శక్తి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అలాంటి వానలో ఎంత గొప్పగా బిగించినా బొమ్మ పోతుంది. బిగింపు తేడా తెలిసేది మామూలు ముసురులో. ఒక ఇంట్లో టీవీ నడుస్తూ ఉంటుంది, పక్కింట్లో ‘నో సిగ్నల్’ అని రాసి ఉంటుంది. పెద్ద వానలో రెండూ పోయినా, మొదటి ఇంట్లో ముందు తిరిగి వస్తుంది.

ఉపగ్రహం ఎత్తు తక్కువైతే వానలో ప్రయాణించే దూరం పెరుగుతుందన్నది కూడా లెక్కే. హైదరాబాద్‌లో 69 డిగ్రీల దారి కంటే 50 డిగ్రీల దారి మేఘాల కింద సుమారు ఐదో వంతు పొడవు ఎక్కువ. దీన్ని చూసి ఫలానా కంపెనీ వానకు ఆగదని తేల్చేయడం తప్పు. ఉపగ్రహం ఎంత బలంగా పంపుతోంది, డిష్ ఎంత పెద్దది అన్నవి ఈ తేడాను మింగేయగలవు. 60 సెంటీమీటర్ల బదులు 90 సెంటీమీటర్ల డిష్ పెడితే పట్టే వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది. కుండపోత వానలు మామూలైన కోస్తాలో, అందులోనూ వ్యాపారం కోసం టీవీ పెట్టేచోట, పెద్ద డిష్ అడగడం దుబారా కాదు.

తర్వాతిది చోటు. ఇక్కడ ఇరుకు సందుల నగరానికి, కొబ్బరి తోటల పల్లెకు వేర్వేరు చిక్కులు. డిష్‌కు ఎదురుగా, దాని కంటే 15 మీటర్లు ఎత్తైన అపార్ట్‌మెంటు ఉందనుకుందాం. 69 డిగ్రీల ఉపగ్రహమైతే ఆ గోడకు ఆరు మీటర్ల దూరంలో ఉన్నా సరిపోతుంది. 50 డిగ్రీల ఉపగ్రహమైతే పన్నెండున్నర మీటర్ల దాకా దూరం కావాలి. మామూలు కాలనీ వీధిలో ఈ తేడాయే కనెక్షన్ వస్తుందా రాదా అని తేల్చేస్తుంది. బాల్కనీ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పై అంతస్తు బాల్కనీ స్లాబు డిష్ కంటే రెండు మీటర్ల పైన ఉంటే, ఎత్తైన ఉపగ్రహానికి డిష్ దాదాపు రెయిలింగ్ అంచున, స్లాబు అంచు నుంచి ముప్పావు మీటరు లోపలే ఉండాలి. తక్కువ ఎత్తు ఉపగ్రహానికి ఒకటిన్నర మీటరు లోపలికి పెట్టినా చూపు అందుతుంది. కాబట్టి తూర్పు బాల్కనీ ఉన్న ఫ్లాటుకు ఒక కంపెనీ, దక్షిణం వైపు ఖాళీ ఉన్న ఇంటికి ఇంకో కంపెనీ కలిసొస్తుంది. ఉత్తరానికో పడమరకో మాత్రమే బాల్కనీ ఉన్నవాళ్లు డాబా ఎక్కక తప్పదు. ఛానళ్ల ధరలు పోల్చడానికి గంటలు కూర్చునేవాళ్లు కూడా కనెక్షన్ తీసుకునే ముందు దిక్సూచి పట్టుకుని ఈ ఒక్క పని చేయరు. దిక్సూచి ఫోన్‌లోదైనా ఫర్వాలేదు. ఇనుప చువ్వలు, ట్యాంకు స్టాండు పక్కన పెట్టి చూస్తే మాత్రం అది తప్పు దిక్కు చూపిస్తుంది.

కోనసీమలో అడ్డు గోడలు కాదు, చెట్లు. వేసవిలో బిగించిన రోజున ఖాళీగా ఉన్న సందులోకి రెండేళ్లకు కొబ్బరి మట్ట వచ్చి చేరుతుంది. అది గాలికి ఊగినప్పుడల్లా బొమ్మ ఆగుతుంది, గాలి తగ్గగానే వస్తుంది. బాక్సు పాడైందని మార్పించుకున్న ఇళ్లు ఉంటాయి. తడిసిన ఆకు పొడి ఆకు కంటే ఎక్కువ అడ్డుపడుతుంది కాబట్టి తప్పంతా వాన మీదికి పోతుంది. చెట్టు ఎటు పెరుగుతుందో చూసి రెండు మీటర్లు పక్కన గొట్టం పాతడం బిగించేవాళ్ల పని.

గొట్టం విషయానికి వద్దాం. బిగింపులో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. డిష్‌ని మోసే గొట్టం రసమట్టం పెట్టి చూస్తే నికరమైన నిలువుగా ఉండాలి. అది వాలి ఉంటే, పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది. టెక్నీషియన్ ఒకటి సరిచేస్తూ ఇంకోటి పాడుచేసుకుంటాడు. మేస్త్రీ సంచిలో ఉండే రసమట్టం డిష్ బిగించేవాళ్ల సంచిలో ఎప్పుడో గాని కనిపించదు.

రెండోది గాలి. 60 సెంటీమీటర్ల డిష్ వైశాల్యం 0.28 చదరపు మీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల గాలి దాన్ని సుమారు 13 కిలోల బరువుతో తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 180 కిలోమీటర్ల దగ్గర అది 50 కిలోలు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు వచ్చిన గాలులు ఆ కోవకు చెందినవే. అంత గాలికి డిష్ నిలవాలని ఎవరూ అడగరు. కానీ ఊడిన డిష్ ఎవరి మీద పడుతుందన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న. పిట్టగోడకు తొమ్మిది అంగుళాల ఇటుక ఉందా, నాలుగున్నర అంగుళాలేనా, బోల్టు ఇటుకలో దిగిందా, పైనున్న సిమెంటు పూతలోనే ఉందా అన్నదాన్ని బట్టి ఇది తేలుతుంది. ఇటుక గోడలో పనికొచ్చే బోల్టు వేరు, కాంక్రీటు స్లాబుకు వేరు. రేకుల ఇంటికి అసలు రేకు మీద బిగించకూడదు. కింది దూలానికో, విడిగా నేలలో పాతిన గొట్టానికో బిగించాలి.

అద్దె ఇళ్లలో ఇంకో పద్ధతి నడుస్తుంది. ఓనరు గోడకు బెజ్జం పెట్టనివ్వడు. అప్పుడు ఖాళీ పెయింటు బకెట్టులో గొట్టం నిలబెట్టి కాంక్రీటు పోస్తారు. ఇల్లు మారితే బకెట్టుతో సహా తీసుకుపోవచ్చు. ఆలోచన బాగుంది గానీ లెక్క సరిపోదు. 20 లీటర్ల బకెట్టులో కాంక్రీటు 48 కిలోలు. దాని అడుగు వెడల్పు 30 సెంటీమీటర్లే. డిష్ మధ్యభాగం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, గంటకు 90 కిలోమీటర్ల గాలికే అది పడిపోతుంది. వేసవిలో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారానికి అంత వేగం అసాధ్యం కాదు. అంతకు ముందే, చిన్న గాలులకే బకెట్టు కొంచెం కొంచెం తిరిగి గురి తప్పుతుంది. బకెట్టు చుట్టూ రాళ్లు పేర్చడమో, వెడల్పాటి ఇనుప చట్రం మీద నాలుగు సిమెంటు దిమ్మెలు పెట్టడమో చేస్తే ఓనరు గోడా నిలుస్తుంది, డిష్ కూడా నిలుస్తుంది.

డిష్ పట్టిన సిగ్నల్ ఇంట్లోకి వచ్చే దారిలో జరిగే నష్టం తక్కువేమీ కాదు. ఎల్ఎన్‌బీ ఉపగ్రహం పంపిన 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్‌జ్ తరంగాలను 950 నుంచి 2150 మెగాహెర్ట్‌జ్‌కి దించి ఆర్‌జీ-6 కేబుల్‌లోకి పంపుతుంది. ఆ కేబుల్‌లో కూడా మీటరు మీటరుకీ శక్తి పోతుంది. నాసిరకం కేబుల్‌లో, మధ్యలో రెండు మూడు అతుకులున్న దానిలో ఇంకా ఎక్కువ పోతుంది. కేబుల్ చివర బిగించే ఎఫ్ కనెక్టరు దగ్గర పైపొరలోని జల్లెడ తీగ ఒక్క పోగు మధ్య రాగి తీగకు తగిలినా చాలు, అంతా ఆగిపోతుంది. అన్నిటికీ మించిన శత్రువు నీళ్లు. డిష్ దగ్గరి కనెక్టరుకు రబ్బరు తొడుగు వేసి, కేబుల్‌ను ఒక చిన్న వంపు కిందికి వేలాడదీసి తర్వాత పైకి తీసుకుంటే వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. అలా చేయకపోతే నీళ్లు తీగ వెంట లోపలికి పాకి, రాగి పచ్చబడి, ఏడాది తిరిగేసరికి కారణం తెలియని గళ్లు మొదలవుతాయి. వంపు పెట్టడానికి ఖర్చయ్యేది అర మీటరు కేబుల్.

కోతుల సంగతి ఏ కంపెనీ కరపత్రంలోనూ రాయరు. తెలంగాణ పల్లెల్లో అవి వేలాడే కేబుల్‌ను ఊయల చేసుకుంటాయి. కేబుల్‌ను అడుగుకో క్లిప్పు చొప్పున గోడకు బిగించి, వీలైతే గొట్టంలోంచి తీసుకురావడమే దారి. ఎల్ఎన్‌బీ మూతికున్న ప్లాస్టిక్ బిళ్ల ఎండకు పగిలితే కందిరీగలు లోపల మట్టిగూడు కడతాయి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు బోల్టులు తుప్పు పట్టి, డిష్ కంటే ముందే అవి పోతాయి. పిడుగుల ప్రాంతాల్లో డిష్ గొట్టాన్ని ఇంటి ఎర్తుకు ఒక తీగతో కలపాలి. ఆ తీగ దూరంగా పడిన పిడుగు తెచ్చే పోటు నుంచి బాక్సును కాపాడగలదు. నేరుగా డిష్ మీద పడే పిడుగును ఏ తీగా ఆపలేదు. ఉరుములు మొదలయ్యాక ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్‌ను కూడా బాక్సు నుంచి తీయాలి. ప్లగ్గు ఒక్కటి తీసి నిశ్చింతగా ఉండేవాళ్లే ఎక్కువ.

ఒకే డిష్ నుంచి రెండో టీవీకి లైను తీసుకునేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పాత కేబుల్ టీవీ అలవాటుతో మధ్యలో స్ప్లిటర్ పెట్టి రెండుగా చీలుస్తారు. డీటీహెచ్‌లో ఇది పనిచేయదు. బాక్సు ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే ఒక రకం తరంగాలు, 18 వోల్టులు పంపితే రెండో రకం తరంగాలు దిగుతాయి. హాల్లో ఛానల్ మారిస్తే పడకగదిలో టీవీ ఆగిపోవడానికి కారణం ఈ వోల్టుల తగాదా. రెండు నోళ్లున్న ఎల్ఎన్‌బీ పెట్టి, రెండో కేబుల్ విడిగా లాగాలి. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే డిష్ పెట్టేచోట ఇదే సూత్రం పెద్దదవుతుంది. నాలుగు నోళ్ల ప్రత్యేక ఎల్ఎన్‌బీ నుంచి నాలుగు కేబుళ్లు మల్టీస్విచ్ అనే పెట్టెలోకి దిగి, అక్కడి నుంచి ఒక్కో ఫ్లాటుకు ఒక్కో లైను వెళ్తుంది. డాబా మీద నలభై డిష్‌ల బదులు ఒకటి ఉంటుంది. కట్టేటప్పుడే గోడల్లో గొట్టాలు వేసి ఉంటే ఇది తేలిక. గృహప్రవేశం అయ్యాక అసోసియేషన్ సమావేశంలో మొదలుపెడితే అది డిష్ గురించిన చర్చగా ఉండదు.

డిష్ పెట్టుకునే హక్కు మీద అమెరికాలో స్పష్టమైన నిబంధన ఉంది. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996లో తెచ్చి, తర్వాత అద్దెదారులకూ వర్తింపజేసిన నియమం ప్రకారం ఒక మీటరు లోపు డిష్‌ను అద్దెదారు తన ఒక్కడి వాడకంలో ఉన్న బాల్కనీలో పెట్టుకుంటే ఓనరు గానీ కాలనీ సంఘం గానీ అకారణంగా అడ్డుకోకూడదు. తెలుగు ఛానళ్ల కోసం డిష్ పెట్టించుకున్న అక్కడి తెలుగువాళ్లకు ఇది పనికొచ్చింది. మన దగ్గర అద్దె ఒప్పందం, ఓనరు మనసు, ఈ రెండే.

ఇక డబ్బు. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనలు బిగింపుకు 350 రూపాయలు, యాక్టివేషన్‌కు 100 రూపాయలు మించి తీసుకోకూడదని గరిష్ఠ పరిమితి పెట్టాయి. 2024 జూలైలో ఆ పరిమితులు ఎత్తేసి, ధర కంపెనీలకే వదిలేశారు. ప్రకటించిన ధరలే వసూలు చేయాలన్నది మిగిలింది. పరిమితి ఉన్న రోజుల్లో కూడా బిగింపుకు అసలు ఖర్చు ఆఫర్లో కలిసిపోయేది. ఇంటికొచ్చే మనిషి చాలాచోట్ల కంపెనీ ఉద్యోగి కాదు, డీలరు దగ్గర కనెక్షన్‌కు ఇంత అని లెక్క మీద పనిచేసేవాడు. రోజుకు ఎన్ని ఇళ్లు ముగిస్తే అంత ఆదాయం. క్వాలిటీ గీత మధ్యకు తేవడానికి పట్టే పది నిమిషాలు, కనెక్టరుకు రబ్బరు తొడుగు, కేబుల్ క్లిప్పులు అన్నీ అతని జేబులోంచే పోతాయి. చెడ్డ బిగింపుకు కారణం అతని చేతకానితనమని చాలామంది అనుకుంటారు. అతనికి పని వచ్చు, ఆ పని చేయడానికి పట్టే సమయానికి ఎవరూ డబ్బు కట్టడం లేదంతే. వానాకాలంలో వచ్చే ఫిర్యాదు ఇంకో విజిటు, దానికి ఇంకో చార్జీ. అందుకే ఇంటివాళ్లు బాక్సు రేటు మీద బేరమాడి మిగిల్చుకునే వంద రూపాయలకంటే, అతను బండి ఎక్కకముందు మెనూలో క్వాలిటీ అంకెను చూపించమని అడిగి ఫోటో తీసి పెట్టుకోవడం ఎక్కువ పనికొస్తుంది. ఆరు నెలల తర్వాత అదే ఛానల్ మీద అంకె తగ్గితే డిష్ జరిగిందో, కనెక్టరులో నీళ్లు చేరాయో అర్థమవుతుంది.

వ్యాపారానికి తీసుకునేచోట బిగింపు కంటే ఒప్పందం పెద్ద చిక్కు. ఇంటి కనెక్షన్ ఇంటి వాడకానికే. హోటలు హాల్లోనో, లాడ్జి గదుల్లోనో, క్రికెట్ చూపించే బార్లోనో అదే బాక్సు నడిపిస్తే కంపెనీతో చేసుకున్న షరతులను దాటినట్టు. డబ్బు వసూలు చేసి ప్రసారాన్ని జనానికి చూపించడాన్ని 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రసార సంస్థ హక్కు కిందికి తెస్తుంది. అందుకే వాణిజ్య చందా విడిగా ఉంటుంది, దాని ధర కూడా వేరు. మంగలి షాపులో గోడకున్న టీవీకీ, వంద గదుల స్టార్ హోటలుకీ ఒకే రకం ఒప్పందం ఉండదు కాబట్టి, ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది.

సాంకేతికంగా చూస్తే గదికో బాక్సు అన్న పద్ధతి ఇరవై గదుల దాకా నడుస్తుంది. తిరుపతి లాడ్జీల్లాంటి చోట, గదుల్లో దిగేవాళ్లు రోజూ మారేచోట, రిమోట్లు పోవడం, బాక్సులు వేడెక్కడం, రీచార్జి తేదీలు వేర్వేరుగా పడటం మేనేజరుకు తలనొప్పి. అక్కడ హెడ్‌ఎండ్ పద్ధతి నయం. ఒక గదిలో వరుసగా రిసీవర్లు పెట్టి, ఎంచుకున్న ఛానళ్లను మాడ్యులేటర్ల ద్వారా ఒకే కేబుల్‌లోకి ఎక్కించి అన్ని గదులకూ పంపుతారు. కొత్త భవనాల్లో కంప్యూటర్ నెట్‌వర్కు తీగల మీదే పంపుతారు. గదుల్లో బాక్సు ఉండదు, టీవీ ఒక్కటే. మొదటి ఖర్చు ఎక్కువ, ఛానళ్లు మేనేజరు ఎంచుకున్నవే. ఇలాంటిచోట ఆ గదికి ఏసీ, జనరేటర్ లైను, డాబా మీద పెద్ద డిష్ తప్పనిసరి, ఎందుకంటే వాన వస్తే ఒక టీవీ కాదు, మొత్తం హోటలు ఆగుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా ఏడాదికి రెండుసార్లు బొమ్మ పోతుంది. మార్చి రెండో వారం చుట్టూ, అక్టోబరు మొదటి రోజుల చుట్టూ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. పట్టపగలు, మబ్బు తునక కూడా లేని ఆకాశంలో, వరసగా కొన్ని రోజుల పాటు ఇంచుమించు అదే వేళకు కొద్ది నిమిషాలు డిష్‌కి సూర్యుడి రొద తప్ప ఇంకేమీ వినపడదు. దానికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి విజిటు చార్జీ కట్టక్కర్లేదు. కాసేపు ఆగితే అదే వస్తుంది.

ఇప్పుడు డీటీహెచ్ చందాదారులు తగ్గుతున్నారు. ట్రాయ్ లెక్కల్లో 2021లో ఏడు కోట్ల దరిదాపుల్లో ఉన్న పే డీటీహెచ్ కనెక్షన్లు 2025 నాటికి ఆరు కోట్ల లోపుకు దిగాయి. ఫైబర్ వచ్చింది, ఫోన్ వచ్చింది, నెల చందా లేని ఫ్రీ డిష్ ఉంది. కంపెనీ మారేవాళ్లు కూడా ఎక్కువే. మారినప్పుడు 60 సెంటీమీటర్ల రేకు పళ్లెం చాలావరకు పనికొస్తుంది. ఎల్ఎన్‌బీ మార్చి, దిక్కు తిప్పి, క్వాలిటీ చూసుకుంటే చాలు, పాత గొట్టం, పాత బోల్టులు గట్టిగా ఉంటే. కానీ కొత్త కనెక్షన్ పెట్టెలోనే కొత్త డిష్ వస్తుంది, టెక్నీషియన్‌కు పాతదాన్ని విప్పడానికి డబ్బు రాదు. అతను పక్కనే ఇంకో మూడు బెజ్జాలు పెట్టి కొత్తది బిగిస్తాడు. పాతది ఎల్ఎన్‌బీ ఊడి, తుప్పు పట్టి, ఎప్పుడో మానేసిన ఉపగ్రహం వైపు చూస్తూ ఆ పిట్టగోడ మీదే ఉంటుంది.